కింది బీడింగు

ఫిండ్లే, ఒహాయో
మార్చి 9, 1997

తమ్ముడూ డెల్మర్,

క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలు గిలకడం తప్ప నీకు ఉత్తరమంటూ రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఫోను చేద్దామంటే గ్రైండరు మోతకి నీ చెవులు పోయాయి. నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకోదానికి జవాబు చెబుతావు. అందుకని కాగితం తీశాను.

కొరీన్‌కి పెళ్ళి కుదిరింది. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూనే నా కూతురు ముసలిదైపోతుందని నేను మనసు గట్టి చేసుకున్నాక, ముప్ఫై రెండో ఏట కుదిరింది. పిల్లాడి పేరు గ్రాంట్, పోస్టాఫీసులో పని. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ తింటాడు. నాకు నచ్చాడు. సెప్టెంబరు 20న మన చర్చిలోనే పెళ్ళి.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళి కాగానే చర్చి నుంచి విందు హాలుకి తాతయ్య కన్వర్టిబుల్‌లో, టాపు తీసి వెళ్ళాలని కొరీన్ పట్టు పట్టింది. ఆ లేత నీలం బండి ఇరవై ఏళ్ళుగా నా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుంది. స్కూలు బస్సు నడపడం మానేశాక నాకు మాత్రం వేరే పనేముంది? ఇంజను సంగతి పక్కింటి వాల్టర్ చూశాడు. పాత రంగు గీకడం, తుప్పు తీయడం నేను చేస్తున్నాను. ముందు అద్దం చుట్టూ ఉన్న స్టీలు బీడింగు పట్టీ దగ్గర మాత్రం ఆగిపోయాను. చుట్టూ వెతికినా ఒక్క స్క్రూ కనబడదు. అది ఎలా ఊడుతుందో చెప్పు. ముప్ఫై ఏళ్ళు టింకరింగ్ షెడ్డులో తలపండినవాడివి ఇంట్లో ఒకడివున్నావు కదా.

ఇంకో మాట. వాళ్ళ నాన్న హోలిస్‌ని పెళ్ళికి పిలవనంటోంది కొరీన్. పోనీలే, కార్డు ఒకటి పడేద్దాం అన్నాను. "తప్పు చేసి ఒప్పుకోనివాడు చర్చిలో నా పక్కన నడవక్కర్లేదమ్మా" అంది. అచ్చం మన నాన్న మాట, మన నాన్న గొంతు. ఆ హోలిస్ అరవై ఎనిమిదిలో ఇదే కారు టాపు తెరిచి వదిలేసి వానలో నానబెట్టి, పైగా మూసే ఉంచానని ఒట్లు పెట్టినప్పుడు దానికి మూడేళ్ళు. దానికేం గుర్తుంటుంది? నేను చెప్పగా విన్నదే అంతా. బాగానే చెప్పినట్టున్నాను.

మోకాళ్ళు తప్ప మిగతా నేను బాగానే ఉన్నాను.

అక్క
ఆర్డిస్


టూసాన్, అరిజోనా
మార్చి 21, 1997

అక్కా,

కొరీన్‌ పెళ్ళి మాట చదివి ఇక్కడ ఒక్కడినే పకపకా నవ్వాను. ఎక్కువ తిని తక్కువ మాట్లాడే అల్లుడు దొరకడం నీ అదృష్టం. మన ఇంట్లో మగవాళ్ళకి ఎప్పుడూ తలకిందులే.

నువ్వు గ్యారేజీలో గీకుతున్నావని చదివి భయమేసింది. ఆ మోకాళ్ళతో నేలమీద కూర్చుంటే లేపడానికి వాల్టర్ సరిపోడు.

బీడింగు జోలికి మాత్రం వెళ్ళకు. అద్దం అంచునా, స్టీలు అంచునా టేపు అంటించి, చుట్టూ రంగు కొట్టించెయ్. ఒక్కరోజు పెళ్ళికి అంతకంటే అక్కర్లేదు. లోపలి క్లిప్పులు ముప్ఫై నాలుగేళ్ళవి, ముట్టుకుంటే విరిగిపోతాయి. అద్దానికి బీట పడితే కన్వర్టిబుల్ అద్దం నువ్వు ఎక్కడ తెస్తావు? టాపు ఊడని మామూలు కారు అద్దం కంటే అది పొట్టిది, దొరకదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్.

బావ సంగతి కొరీన్ ఇష్టం. పెద్దపిల్ల, తన పెళ్ళి. మనం తలదూర్చడం దేనికి?

తమ్ముడు
డెల్మర్


ఫిండ్లే
ఏప్రిల్ 13

డెల్మర్,

నీ ఉత్తరం వాల్టర్‌కి చదివి వినిపించాను. "ఇది డెల్మర్ రాశాడా, డెల్మర్ పేరు పెట్టుకుని ఇంకెవడైనా రాశాడా" అన్నాడు. బీడింగు తీయకుండా చుట్టూ రంగు కొట్టేవాళ్ళని నువ్వు తిట్టిన తిట్లు అతనికి ఇప్పటికీ నోటికొచ్చట. "అది రంగు వెయ్యడం కాదురా, దుప్పటి కప్పడం" అనేవాడివట.

పైగా కింది అంచున, డ్రైవరు వైపు మూల, రంగు పొక్కులు లేచింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. లోపల తుప్పు తింటోందని నాకే తెలుస్తోంది, నీకు తెలియదా? దాని మీద రంగు కొట్టి నా కూతుర్ని అందులో కూర్చోబెట్టనా? చెయ్యనంటే చెయ్యను. నీ దగ్గర ఆ క్లిప్పులు తీసే పనిముట్టు ఉండే ఉంటుంది. పంపించు. లేదంటే స్క్రూడ్రైవరు పెట్టి నేనే ఎత్తుతాను, తర్వాత నీ ఏడుపు నువ్వు ఏడువు.

అక్క


టూసాన్
మే 4

అక్కా,

స్క్రూడ్రైవరు ముట్టుకోకు. పనిముట్టు ఇందులో పెట్టాను. చూడ్డానికి వెన్న రాసుకునే కత్తిలా ఉంటుంది, కొసన చిన్న కొక్కెం ఉంటుంది.

ముందు అద్దం మీద, రంగు మీద రెండు వరసలు టేపు అంటించు. పై బీడింగు టాపు ఆనుకునే రబ్బరు కింద దాక్కుంటుంది. రబ్బరు ఎత్తితే స్క్రూలు కనబడతాయి. బిగుసుకుపోయుంటాయి, నూనె వేసి ఒక రోజు వదిలెయ్. తొందరపడితే తల అరిగిపోతుంది.

పక్కవాటికి, కిందిదానికి స్క్రూలుండవు, క్లిప్పులు. కత్తిని అద్దానికీ స్టీలుకీ మధ్య పడుకోబెట్టి తోసి, మెల్లగా పక్కకి జరుపు. ఏదో అడ్డు తగిలినట్టుంటుంది. అదే క్లిప్పు. కొక్కెం దానికి తగిలించి కొంచెం మెలిపెడితే టిక్‌మంటుంది. రెండో చేత్తో బీడింగుని పైకి పట్టుకునే ఉండు, లేకపోతే మళ్ళీ కరుచుకుంటుంది. ఒక చోట ఊడింది కదా అని అక్కణ్ణించి లాగకు. స్టీలు ఒకసారి మడత పడిందంటే ఎంత కొట్టినా ఆ మడత పోదు. ప్రతి ముక్కకీ నెంబరు అంటించి, పాత దుప్పటి మీద పరుచు.

కింది బీడింగు చివర్న తియ్. వీలైతే దాన్ని వదిలెయ్. ఎలాగూ తీస్తావు. నీ సంగతి నాకు తెలుసు.

డెల్మర్


ఫిండ్లే
జూన్ 1

డెల్మర్,

పైది వచ్చింది, పక్కవి రెండూ వచ్చాయి. నువ్వు చెప్పినట్టే టిక్‌మన్నాయి. చిన్నపిల్లలా సంబరపడ్డాను.

నిన్న కింది బీడింగు తీశాను. దాని కింద నీళ్ళు దిగకుండా అద్దానికి వేసే సీలు సగం దూరమే ఉంది. డ్రైవరు వైపు మూర పొడవున అసలు లేనేలేదు. ఆ సందులో న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కుక్కి, పైన పుట్టీ రాసి ఉంది. పుట్టీ పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. రేకు మీద స్క్రూడ్రైవరుతో తవ్వినట్టు లోతుగా ఒక గాడి ఉంది. అక్కణ్ణించి తుప్పు కాలి మ్యాటు కిందిదాకా దిగింది. నా అరచెయ్యి పట్టేంత కన్నం.

ఒక పేపరు ఉండ లోపల పొడిగానే ఉంది. విప్పి చూశాను. మన ఊరి పేపరే, ఆటల పేజీ. జూన్ 22, 1968.

ఆ వేసవిలో రాయి తగిలి అద్దం పగిలితే మార్చింది నువ్వే కదా?

ఆర్డిస్


టూసాన్
జూన్ 12

అక్కా,

నేనే.

ఆ శనివారం షెడ్డులో నేనొక్కడినే ఉన్నాను. ఎరీ సరస్సుకి చేపలకి పోదామని స్నేహితులు బయట హారన్ కొడుతున్నారు. పాత బీడింగు రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాను, జారి రేకు చీరుకుపోయింది. అద్దం పెట్టాను. సీలు ముద్ద సగంలో అయిపోయింది. కొత్త డబ్బా సోమవారానికి గానీ రాదు. కనబడకుండా పేపరు కుక్కి, పుట్టీ రాసి, పైన బీడింగు నొక్కేశాను. సోమవారం వచ్చి సరిచేద్దామనుకున్నాను. సోమవారం నాన్న బండి తీసుకెళ్ళిపోయాడు. ఇంకోసారి తెచ్చినప్పుడు చేద్దాంలే అనుకున్నాను. ఆ ఎండాకాలం పెద్ద వానలే లేవు, నేను మర్చిపోయాను.

అక్టోబరులో ఆ శుక్రవారం నీకు గుర్తుండే ఉంటుంది. బావ బండిని నాన్న విత్తనాల కొట్టు ముందు పెట్టి లోపల బస్తాలు లెక్క చూస్తున్నాడు. మధ్యాహ్నం నుంచి కుండపోత. సాయంత్రం నాన్న వెళ్ళి కారు తలుపు తీస్తే కాళ్ళ దగ్గర నీళ్ళ మడుగు, రేడియో పాడు. టాపు చూస్తే మూసే ఉంది. "తెరిచి వదిలేసి, వాన మొదలయ్యాక పరిగెత్తి మూసుంటాడు" అన్నాడు నాన్న. "నేను పొద్దున్నే మూసే వచ్చాను మావయ్యా" అన్నాడు బావ. వాళ్ళిద్దరూ అలా నిలబడి ఉండగా నాన్న నావైపు తిరిగి అడిగాడు: "నువ్వు చెప్పరా. అద్దం దగ్గర్నుంచి కారే వీలుందా?"

"లేదు నాన్నా, నేను గట్టిగా బిగించాను" అన్నాను.

ఒక్క మాట. నాన్న చూపుకి భయపడి అన్నాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ మర్నాడు నాన్న బావతో, "టాపు తెరిచి వదిలేసినందుకు కాదయ్యా, తర్వాత మూసి అబద్ధం చెప్పినందుకు. నీకు నా కొట్టు తాళాలిస్తాననుకోకు" అన్నాడని విన్నాను. ఇక ఏ రోజుకారోజు చెప్పడం ఇంకా కష్టమైపోయింది. రెండేళ్ళకి నువ్వూ బావా విడిపోయారు. అప్పుడు ఊరొదిలేశాను. ఎండ కోసం వెళ్తున్నానని అందరికీ చెప్పాను. ఇక్కడ వానలు తక్కువ, తుప్పు లేదు. రోజూ ఎవరెవరి బండ్లకో బీడింగులు తీసి, కింద తుడిచి, సీలు రెండుసార్లు చూసి పెట్టాను. ఇరవై ఏడేళ్ళు అదే చేశాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేం లేదు.

మార్చిలో నీ ఉత్తరం చూసినప్పుడే చెప్పాల్సింది. అప్పుడు కూడా టేపు అంటించమని రాశాను.

డెల్మర్


ఫిండ్లే
జులై 6

డెల్మర్,

మూడు వారాలు కలం ముట్టలేదు. రాస్తే ఏం రాస్తానో నాకే భయమేసింది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తిడతాను కూడా. నువ్వు పిరికివాడివి. ఆ రోజు కాకపోతే మర్నాడు చెప్పాల్సింది. నాన్న పోయినప్పుడు చెప్పాల్సింది. నా చేతిలో కోర్టు కాగితాలున్నప్పుడు వంటింట్లో నాకెదురుగా కూర్చుని కాఫీ తాగావు, అప్పుడు చెప్పాల్సింది. ఏం, నాన్న నిన్ను చంపేసేవాడా? నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. దానికి భయపడి నా కాపురం ఇచ్చేశావు.

ఇది రాసి అరగంట కూర్చున్నాను. ఇప్పుడు నాది చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కారు తుడిచింది నేను. ముందు సీటు కింది మ్యాట్లు పిండాను, బకెట్టు నీళ్ళొచ్చాయి. వెనక సీటు మీద కొరీన్ దుప్పటి ఉంది, అమ్మ కుట్టిన అతుకుల దుప్పటి. తీసి మడత పెట్టాను. పొడిగా ఉంది డెల్మర్. వెనక సీటు కూడా పొడిగానే ఉంది. టాపు తెరిచి ఉంటే ఆ వానకి ముందు తడిసేది వెనక సీటే. పదేళ్ళ పిల్ల కూడా చెబుతుంది. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మడత పెట్టిన దుప్పటి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అవతల నాన్న అరుస్తున్నాడు. ఇప్పుడు వెళ్ళి ఇది చెబితే నాన్న నన్ను కూడా మొగుడి పక్షం అంటాడనిపించింది. ఇంతకీ నువ్వు గట్టిగా బిగించానన్నావు కదా, నాకేం తెలుసు బండ్ల గురించి అని సర్దిచెప్పుకున్నాను. దుప్పటి లోపల పెట్టేశాను.

ఆ వారమంతా మీ బావ నా మొహంలోకే చూశాడు. "నువ్వన్నా నమ్ముతావా ఆర్డిస్?" అని అడిగాడు. "నాన్న అబద్ధం చెప్పడు" అన్నాను. ఆయన అడిగింది నాన్న గురించి కాదు.

మీ బావని నువ్వొక్కడివే అబద్ధాలకోరుని చేశావనుకోకు. నువ్వు చెప్పావు. నేను తెలిసి ఊరుకున్నాను. ఆ పైన ముప్ఫై ఏళ్ళు కొరీన్ చెవిలో అదే పోశాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. హోలిస్‌కి నువ్వే ఉత్తరం రాయాలి. నేను కాదు. ఫోర్ట్ వేన్‌లో ఉంటాడు, చిరునామా ఈ కాగితం వెనక రాశాను. భార్య పేరు బెర్నీస్, మంచావిడట. అప్పుడు నాన్న అడిగిన ప్రశ్నకి ఇప్పుడు హోలిస్‌కి జవాబు చెప్పు. నువ్వు రాశానని చెప్పాక కొరీన్‌కి నేను చెబుతాను, నా దుప్పటి సంగతితో సహా. పెళ్ళి నాటికి దానికి తెలియాలి. తండ్రిని పిలుస్తుందో లేదో అది నిజం తెలిసి తేల్చుకోవాలి.

కన్నం చోట కొత్త రేకు అతికించాడు వాల్టర్. నేనేమీ చెప్పలేదు. ఆ పేపరు ఉండని మాత్రం చాలాసేపు చూశాడు.

ఆర్డిస్


టూసాన్
ఆగస్టు 10

అక్కా,

రాశాను. మొదట ఆరు పేజీలు రాశాను. చదివితే అన్నీ నా గోడే. చింపేశాను. పంపింది అరపేజీ. "అద్దం దగ్గర్నుంచే కారింది బావా. నేను బిగించలేదు. నాకు అప్పుడే తెలుసు. మీరు టాపు మూసే ఉంచారు." ఇంతే. కింద క్షమించమని రాసి, కొట్టేశాను. అడగడానికి నాకు మొహం లేదు.

పంపి పద్నాలుగు రోజులైంది. జవాబు లేదు. రావాలని కూడా లేదు.

దుప్పటి సంగతి చదివాక నీ మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నేను ఆ ఒక్క మాట అనకపోతే నువ్వు ఆ దుప్పటి పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళేదానివి. నాకు తెలుసు నువ్వు వెళ్ళేదానివని.

కొత్త సీలు వేసేటప్పుడు కింది మూలల్లో కొంచెం ఎక్కువ వెయ్యి. పైపు పెట్టి నీళ్ళు పట్టి చూడకుండా బీడింగు బిగించకు.

పెళ్ళికి రావాలా అక్కా? నువ్వు రావద్దంటే రాను.

డెల్మర్


ఫిండ్లే
సెప్టెంబరు 28

తమ్ముడూ,

పెళ్ళి బాగా జరిగింది. నిన్ను రావద్దని రాసినందుకు ఆ రోజు రెండుసార్లు బాధపడ్డాను, రెండుసార్లూ సరే అనుకున్నాను. గ్రాంట్ వాళ్ళ పిన్ని చేసిన ఆపిల్ పై ముక్క తిని నువ్వు వంకలు పెట్టేవాడివి, ఆ అవకాశం పోయింది.

కొరీన్‌కి ఆగస్టులోనే చెప్పాను. వంటింట్లో కూర్చోబెట్టి మొదట నీది, తర్వాత నాది చెప్పాను. అది అరవలేదు, ఏడవలేదు. "నా పన్నెండో పుట్టినరోజుకి ఆయన వచ్చాడు, గుమ్మంలోంచే పంపించేశాను. అప్పుడు నువ్వు వెనకే ఉన్నావమ్మా" అంది. అంతే అంది. నాలుగు రోజులు ఫోను చెయ్యలేదు. అయిదో రోజు వచ్చి, శుభలేఖ ఒకటి తీసుకుని దాని చేత్తో చిరునామా రాసింది.

హోలిస్ పెళ్ళికి ముందురోజు పొద్దున ఒక్కడే వచ్చాడు. జుట్టంతా పోయింది. కారు గ్యారేజీ బయట ఎండలో ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కింది బీడింగు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరాడు. నేను నా తప్పు చెప్పడం మొదలుపెట్టాను. దుప్పటి దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"అది కాదు ఆర్డిస్. ముందు నేనొకటి చెప్పనీ. డెల్మర్ ఉత్తరం చదివాక నాకు భయమేసింది" అన్నాడు.

"భయం దేనికి?"

"నాకు గుర్తుంది. వాన మొదలవడం, కొట్లోంచి నేను పరిగెత్తడం, టాపు లాగి కొక్కేలు వెయ్యడం. బూట్లు తడవడం కూడా గుర్తుంది. మొదటి నాలుగైదేళ్ళు నేను మూసే వెళ్ళానని ఖాయంగా తెలుసు. తర్వాత ఇంతమంది అంటున్నారు, నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. ఇంకొన్నేళ్ళకి అలా పరిగెత్తినట్టు గుర్తు రావడం మొదలైంది. కొరీన్ పన్నెండో పుట్టినరోజుకి నేనెందుకొచ్చాననుకున్నావు? ఒప్పుకుందామని వచ్చాను. తప్పు నాదేనమ్మా అని చెబుదామని. అది తలుపేసేసింది."

ఆయన వంగి తన బూట్లు చూసుకున్నాడు.

"ఇప్పుడేమో డెల్మర్ అది జరగనేలేదంటున్నాడు. మరి ఆ తడిసిన బూట్లు ఎవరివి? నాకు ఇంకేమేం గుర్తున్నాయో, వాటిలో ఎన్ని నిజమో ఎలా తెలుస్తుంది? ఇంట్లోంచి బయల్దేరితే పొయ్యి ఆర్పానా అని మూడుసార్లు వెనక్కి వెళ్తాను. బెర్నీస్ నవ్వుతుంది. వయసు అనుకుంటుంది. వయసు కాదు, నాకు ముప్ఫై రెండేళ్ళప్పట్నుంచి అంతే."

డెల్మర్ మీద కోపంగా ఉందా అని అడిగాను. "ఉత్తరం అందిందని చెప్పు. అంతకంటే ఏం చెప్పాలో నాకింకా తెలియలేదు" అన్నాడు. ఆయన అన్నది అన్నట్టు రాశాను, ఒక్క ముక్క కలపలేదు. నా గురించి కూడా అంతకంటే ఏమీ అనలేదు. నేను క్షమించమని అడిగాను డెల్మర్. తల ఊపాడు. అది సరే అనడమో, విన్నానని చెప్పడమో నాకు తెలియలేదు. మళ్ళీ అడగలేదు.

పెళ్ళిలో కొరీన్ పక్కన ఆయనే నడిచాడు. చెయ్యి పట్టుకుంది గానీ ఇద్దరూ ఎదురుగా చూస్తూ నడిచారు, పరీక్షకి వెళ్ళేవాళ్ళలాగా. కారు అందరికీ నచ్చింది. హాలు దగ్గర పిల్లాజెల్లా అంతా ఎక్కి దిగారు. మూడింటికి పడమట మబ్బేసింది. నేను లేచేలోపే హోలిస్ వెళ్ళి టాపు పైకి లాగాడు. రెండు కొక్కేలూ వేశాడు, అద్దాలు ఎత్తాడు, తలుపు వేశాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్ళి కొక్కేలు తడిమి చూశాడు. మళ్ళీ నాలుగడుగులు. మళ్ళీ వెనక్కి. చూస్తున్నవాళ్ళు నవ్వబోయి ఆగారు.

మూడోసారి కారు దగ్గరే నిలబడి కొరీన్‌ని పిలిచాడు. పెళ్ళిబట్టలు ఎత్తిపట్టుకుని గడ్డిలోంచి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను, అందుకే విన్నాను.

"ఒకసారి చూసి చెప్పమ్మా, టాపు మూశానా?"

కొరీన్ తలుపు తీసి, వంగి, లోపలికి తల పెట్టి, ఈ కొక్కెం పట్టుకు లాగింది, ఆ కొక్కెం పట్టుకు లాగింది.

"మూశావు నాన్నా."

"నువ్వు చూశావుగా?"

"చూశాను. నేను ఇక్కడే ఉన్నాను."

అప్పుడుగానీ ఆయన అక్కణ్ణించి కదల్లేదు.

అక్క
ఆర్డిస్